నగరంలోని ప్రభుత్వ భూమిలో డేటా సెంటర్: లాభం ఎవరికి, భారం ఎవరిపై? విశాఖ చర్చలోని కీలకాంశాలు

నగరం నడిబొడ్డునో, నగర శివారునో ప్రభుత్వానికో నగరపాలక సంస్థకో చెందిన స్థలం ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటుంది. ఒకనాడు ఒక సంస్థ వచ్చి అక్కడ డేటా సెంటర్ నిర్మిస్తామంటుంది. వేల కోట్ల పెట్టుబడి, ఉపాధి, నగరానికి పేరు ప్రతిష్ఠలు వస్తాయని ప్రభుత్వం చెబుతుంది. నీరెక్కడిది, కరెంటెక్కడిది, మా పిల్లలకు దక్కే ఉద్యోగాలెన్ని అని స్థానికులు అడుగుతారు. ఈ వాదోపవాదాలు ఇప్పుడు ప్రపంచంలోని అనేక నగరాల్లో వినిపిస్తున్నాయి. తెలుగు నేలపై ఈ చర్చకు ప్రధాన వేదిక విశాఖపట్నం.

డేటా సెంటర్ ఎలా పనిచేస్తుంది, నగరం నుంచి ఏం తీసుకుంటుంది, తిరిగి ఏమిస్తుంది, నిర్ణయానికి ముందు పౌరులు ఏయే వివరాలు కోరాలి అన్న అంశాలను ఈ కథనం వివరిస్తుంది.

డేటా సెంటర్ అంటే ఏమిటి?

మనం ఫోనులో పంపే సందేశం, బ్యాంకు లావాదేవీ, ఆసుపత్రి రికార్డు, కృత్రిమ మేధను అడిగే ప్రశ్న అన్నీ ఎక్కడో ఒక భవనంలోని సర్వర్లకు చేరతాయి. అటువంటి వేలాది సర్వర్లను వరుసలుగా అమర్చి, నిరంతరాయంగా విద్యుత్తు, శీతలీకరణ, ఇంటర్నెట్ అనుసంధానం కల్పించే భవన సముదాయమే డేటా సెంటర్. దాని పరిమాణాన్ని చదరపు అడుగుల్లో కంటే మెగావాట్లలో చెప్పడం పరిశ్రమ వాడుక. ఎంత విద్యుత్తు వాడగలదో అంత పెద్దదన్న మాట.

భారతదేశంలో వీటి గిరాకీకి విధానపరమైన కారణాలు కూడా ఉన్నాయి. చెల్లింపుల వ్యవస్థకు చెందిన సమాచారాన్ని దేశంలోనే నిల్వ చేయాలని భారతీయ రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2022-23 కేంద్ర బడ్జెట్ డేటా సెంటర్లకు మౌలిక సదుపాయాల హోదా ప్రకటించడంతో దీర్ఘకాలిక రుణాలు పొందడం సులువైంది. కృత్రిమ మేధ వినియోగం పెరగడంతో ఆ గిరాకీ ఇంకా వేగం పుంజుకుంది.

విశాఖకు ఈ ప్రతిపాదనలు ఎలా వచ్చాయి?

విశాఖలో డేటా సెంటర్ ఆలోచన ఏ ఒక్క ప్రభుత్వానిదీ కాదు. 2019 జనవరిలో అప్పటి చంద్రబాబు నాయుడు ప్రభుత్వం అదానీ సంస్థతో అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. ఆ తరువాత వచ్చిన వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం ప్రతిపాదనను సవరించింది. 2023 మే 3న మధురవాడ ప్రాంతంలో 300 మెగావాట్ల కేంద్రానికి, టెక్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. దాని అంచనా పెట్టుబడి రూ.21,844 కోట్లు.

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు న్యూఢిల్లీలో ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రగర్భ కేబుళ్లకు అంతర్జాతీయ ద్వారం అందులోని ముఖ్యాంశాలు. అదానీ కనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. అంతకు కొద్ది రోజుల ముందు, గూగుల్ అనుబంధ సంస్థ రైడెన్ ఇన్ఫోటెక్ పేరిట వచ్చిన రూ.87,520 కోట్ల, 1 గిగావాట్ ప్రతిపాదనకు రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలి ఆమోదం తెలిపింది. ఇందుకు మూడు చోట్ల మొత్తం 480 ఎకరాలు ప్రతిపాదించారు: ఆనందపురం మండలం తర్లువాడలో 200, అడవివరం-ముడసర్లోవ వద్ద 120, అనకాపల్లి జిల్లా రాంబిల్లిలో 160 ఎకరాలు. ఇదే కాలంలో సిఫీ సంస్థ కూడా రుషికొండ ఐటీ కొండపై పనులకు శంకుస్థాపన చేసింది.

ఆ భూమి నిజంగా ఖాళీయేనా?

చర్చలో మొదటి ముడి ఇక్కడే ఉంది. రెవెన్యూ రికార్డుల్లో ప్రభుత్వ భూమి అని ఉన్నంత మాత్రాన ఆ నేలపై ఎవరూ ఆధారపడలేదని అర్థం కాదు. తర్లువాడ వంటి గ్రామాల్లో పేద రైతులకు గతంలో పంచిన ఎసైన్డ్ భూములు, వ్యవహారంలో డి-పట్టా భూములు, ఉన్నాయి. 1977 నాటి ఎసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వాటి అమ్మకాన్ని కట్టడి చేసింది. అందువల్ల మార్కెట్ ధరకు స్వేచ్ఛగా అమ్ముకునే విషయంలో సాగుదారు హక్కుపై పరిమితులున్నాయి. ప్రభుత్వం తీసుకునేటప్పుడు మాత్రం పరిహారం ఎంత, ఇంటి స్థలం ఇస్తారా, ఇంటికో ఉద్యోగం ఇస్తారా అన్న ప్రశ్నలు లేస్తాయి. భూమి వెల పెరిగిన ఫలం తమకూ దక్కాలన్నదే రైతుల వాదన సారాంశం.

అడవివరం-ముడసర్లోవ సంగతి వేరు. అది నగర పరిధిలోని చోటు. సింహాచలం కొండల పక్కన, కంబాలకొండ అభయారణ్యానికి చేరువలో ఉంది. ముడసర్లోవ జలాశయం నగరానికి తాగునీరిచ్చే పాత వనరుల్లో ఒకటి. 2018లో మహా విశాఖ నగరపాలక సంస్థ దానిపై 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. పరీవాహక ప్రాంతంలో కొండవాలు చదును చేసి భారీ భవనాలు కడితే వాననీరు జలాశయానికి చేరే తీరు మారుతుందన్నది పర్యావరణవేత్తల ఆందోళన.

ప్రత్యామ్నాయ వినియోగం మరో ప్రశ్న. పట్టణ ప్రణాళికకు కేంద్రం 2014లో వెలువరించిన మార్గదర్శకాలు తలసరి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని సూచిస్తున్నాయి. పార్కుకు, పేదల ఇళ్లకు, బస్ డిపోకు, ఆసుపత్రికి పనికొచ్చే స్థలాన్ని సర్వర్లకు ఇస్తే నగరం కోల్పోయేదేమిటో లెక్కించాలి. వాడని స్థలానికి ఖర్చు లేదనుకోవడం ఎంత పొరపాటో, వాడని స్థలాన్ని అలాగే వదిలేస్తే ఆక్రమణల పాలవుతుందన్న అధికారుల మాట అంత వాస్తవం.

విద్యుత్తు: లెక్క ఎంత?

గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. ఆ సామర్థ్యంతో గంట నడిస్తే 10 లక్షల యూనిట్లు, రోజుకు 2.4 కోట్ల యూనిట్లు, ఏడాది పొడవునా నడిస్తే 876 కోట్ల యూనిట్లు ఖర్చవుతాయి. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లతో పోలిస్తే ఇది సుమారు 36.5 లక్షల కుటుంబాల వినియోగానికి సమానం. పరవాడలోని ఎన్‌టీపీసీ సింహాద్రి థర్మల్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,000 మెగావాట్లు. అంటే పూర్తి స్థాయి గిగావాట్ కేంద్రం ఒక్కటే దానిలో సగం సామర్థ్యాన్ని కోరుతుంది.

అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచ విద్యుత్ వినియోగంలో డేటా సెంటర్ల వాటా 1.5 శాతం, అంటే సుమారు 41,500 కోట్ల యూనిట్లు. 2030 నాటికి అది రెట్టింపు దాటి 94,500 కోట్ల యూనిట్లకు చేరవచ్చని ఆ సంస్థ పేర్కొంది. ప్రపంచం మొత్తం మీద ఈ వాటా చిన్నదే. కానీ కేంద్రాలన్నీ కొన్ని నగరాల చుట్టూ గుమిగూడటంతో ఆయా ప్రాంతాల గ్రిడ్‌పై భారం చాలా ఎక్కువగా ఉంటుంది.

పునరుత్పాదక విద్యుత్తు వాడతామని సంస్థలు హామీ ఇస్తున్నాయి. ఇందులో ఒక సాంకేతిక చిక్కుంది. సర్వర్లు రాత్రింబవళ్లు పనిచేస్తాయి, సౌర విద్యుత్తు మాత్రం పగలే దొరుకుతుంది. బ్యాటరీలో, పిన్నాపురంలో మాదిరి పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులో లేకపోతే రాత్రి కొరతను బొగ్గు కేంద్రాలే తీర్చాలి. ఏడాది మొత్తానికి లెక్క సరిపెట్టే హరిత విద్యుత్తా, లేక ప్రతి గంటకూ సరిపోలే హరిత విద్యుత్తా అన్న తేడాను ఒప్పందంలో గమనించాలి. కొత్త సబ్‌స్టేషన్లు, లైన్ల ఖర్చును సంస్థ భరిస్తుందా, లేక అది వినియోగదారులందరి బిల్లులోకి చేరుతుందా అన్నది తేల్చవలసింది విద్యుత్ నియంత్రణ మండలి.

నీరు: నగరానికి అసలు పరీక్ష

సర్వర్లు వాడే విద్యుత్తు దాదాపు పూర్తిగా వేడిగా మారుతుంది. ఆ వేడిని తొలగించడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతిలో కరెంటు తక్కువ, నీరు ఎక్కువ ఖర్చవుతాయి. మూసి ఉన్న వలయంలో అదే ద్రవాన్ని తిప్పుతూ గాలితో చల్లబరిచే పద్ధతిలో నీరు తక్కువ, కరెంటు ఎక్కువ ఖర్చవుతాయి. తీరప్రాంతపు ఉక్కపోతలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి పద్ధతి సామర్థ్యం కొంత తగ్గుతుంది. నీటి వినియోగం ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఎంచుకున్న సాంకేతికతను బట్టి పలు రెట్లు మారుతుంది.

ఉదాహరణకు యూనిట్ విద్యుత్తుకు ఒక లీటరు నీరు ఆవిరవుతుందనుకుందాం. గిగావాట్ కేంద్రానికి రోజుకు 2.4 కోట్ల లీటర్లు, అంటే సుమారు 5.3 ఎంజీడీ కావాలి. పట్టణాల్లో తలసరి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణం ప్రకారం అది సుమారు 1.78 లక్షల మందికి సరిపడే నీరు. ఇది అవగాహన కోసం వేసిన లెక్కే తప్ప ఏ ప్రాజెక్టు వాస్తవ వినియోగమూ కాదు. ఇలాంటి సంఖ్య ఒకటి అనుమతి పత్రంలో స్పష్టంగా ఉండాలన్నదే ఇక్కడి విషయం.

విశాఖలో నీటి పోటీ కొత్తది కాదు. మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, గోస్తని, రైవాడ, ఏలేరు కాలువ నగరానికి ఆధారం. శారదా నదిపై ఉన్న రైవాడ జలాశయం నీటిని పూర్తిగా సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు ఎన్నో ఏళ్లుగా కోరుతున్నారు. ఏలేరు నీటిలో ఉక్కు కర్మాగారానికీ వాటా ఉంది. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కొండవాలు కాలనీల వారికి ఇది కేవలం అంకెల చర్చ కాదు.

పరిష్కారాలు లేకపోలేదు. చెన్నై నగరం కొడుంగైయూర్, కోయంబేడు కేంద్రాల్లో మురుగునీటిని మూడో దశ వరకు శుద్ధి చేసి పరిశ్రమలకు సరఫరా చేస్తోంది. ఒక్కో కేంద్రం సామర్థ్యం రోజుకు 4.5 కోట్ల లీటర్లు. విశాఖలోనూ తాగునీటికి బదులు శుద్ధి చేసిన మురుగునీరు లేదా నిర్లవణీకరించిన సముద్రపు నీరు మాత్రమే వాడాలన్న షరతు పెట్టవచ్చు.

ఉద్యోగాలు, ఆదాయం

గూగుల్ ప్రాజెక్టుతో ప్రత్యక్షంగా, పరోక్షంగా ఏటా సగటున 1.88 లక్షల ఉద్యోగాలు వస్తాయని రాష్ట్ర ప్రభుత్వం అంచనా వేసింది. పరోక్ష ఉపాధిని లెక్కించే పద్ధతిని విమర్శకులు ప్రశ్నిస్తున్నారు. నిర్మాణ కాలంలో వేల మందికి పని దొరుకుతుంది. భవనం పూర్తయ్యాక సాంకేతిక నిపుణులు, ఎలక్ట్రీషియన్లు, శీతలీకరణ సిబ్బంది, కాపలాదారులు మాత్రమే మిగులుతారు. సాధారణ ఐటీ కార్యాలయంతో పోలిస్తే ఎకరాకు ఉద్యోగాలు తక్కువ.

పోలికకు ఒక ఉదాహరణ చాలు. రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించినప్పుడు ఆ సంస్థ చూపిన లక్ష్యం 12,000 ఉద్యోగాలు. పెట్టుబడి రూ.1,370 కోట్లు. డేటా సెంటర్‌లో ఇందుకు విలోమం: మెగావాట్‌కు రూ.87 కోట్లకు పైగా పెట్టుబడి, అందులో అధిక భాగం యంత్రాలపైనే. కేబుల్ కేంద్రం, చౌకైన అనుసంధానం వల్ల ఇతర ఐటీ సంస్థలు తరలివస్తాయని ప్రభుత్వం చెబుతున్నది ఈ లోటుకు జవాబుగానే. ఆ ప్రభావం నిజమే కావచ్చు, అయితే అది సమయం తీసుకునే వ్యవహారం.

రాయితీలపై రాష్ట్రాల మధ్య కూడా మాటల యుద్ధం జరిగింది. ఈ పెట్టుబడి కోసం ఆంధ్రప్రదేశ్ రూ.22,000 కోట్ల మేర ప్రోత్సాహకాలు ఇస్తోందని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శించారు. ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేశ్ ఆ విమర్శను తిప్పికొట్టారు.

ఈ వాదంలో తరచూ మరుగున పడే విషయం నగరపాలక సంస్థ ఖజానా. జీఎస్టీ, విద్యుత్ సుంకం, ఆదాయ పన్ను రాష్ట్రానికి, కేంద్రానికి వెళతాయి. నగరానికి ప్రధానంగా దక్కేది ఆస్తి పన్ను, భవన అనుమతి రుసుము, నీటి ఛార్జీలు. రోడ్లు, నీరు, మురుగు, అగ్నిమాపక ఏర్పాట్ల భారం మాత్రం స్థానికంగానే పడుతుంది. ఆస్తి పన్నులోనో నీటి ఛార్జీలోనో మినహాయింపు ఇస్తే ఆ లోటు ఎవరు పూడుస్తారన్నది కౌన్సిల్ సభ్యులు అడగవలసిన మొదటి ప్రశ్న.

శబ్దం, పొగ, తుపాను

శీతలీకరణ యంత్రాల హోరు నిరంతరం ఉంటుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కరెంటు పోతే ఆదుకునే డీజిల్ జనరేటర్లను తరచూ పరీక్షగా నడుపుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో గడిపింది. అలాంటి విపత్తులో వందల జనరేటర్లు ఎంతకాలం నడుస్తాయి, ఇంధన నిల్వ ఎంత, అది ఇళ్లకు ఎంత దూరం అన్నవి భద్రతా ప్రణాళికలో ఉండాలి.

ప్రజల మాటకు చోటు ఎక్కడ?

పర్యావరణ ప్రభావ మదింపుపై 2006లో కేంద్రం జారీ చేసిన ప్రకటన జాబితాలో డేటా సెంటర్‌కు విడిగా పద్దు లేదు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మితి ఉంటే భవన నిర్మాణ ప్రాజెక్టుల కింద అనుమతి తీసుకోవాలి. ఆ కోవలోని ప్రాజెక్టులకు బహిరంగ విచారణ తప్పనిసరి కాదు. ఒక ఉక్కు కర్మాగారానికి జరిగే ప్రజాభిప్రాయ సేకరణ దానికి దీటుగా విద్యుత్తు వాడే సర్వర్ల సముదాయానికి జరగకపోవచ్చన్న మాట.

అయినా మార్గాలు మూసుకుపోలేదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళిక, నీటి సరఫరాలను పురపాలనకు అప్పగించదగిన అంశాలుగా 12వ షెడ్యూలులో చేర్చింది. 3 లక్షలు, ఆపైన జనాభా గల చోట వార్డు కమిటీలు ఉండాలంది. సమాచార హక్కు చట్టం ఉంది. వేలమే ఏకైక మార్గం కాకపోయినా, ప్రకృతి వనరుల కేటాయింపు న్యాయంగా, పారదర్శకంగా, ప్రజాహితం కోసం జరగాలని సుప్రీంకోర్టు 2012లో రాష్ట్రపతి నివేదనపై ఇచ్చిన అభిప్రాయంలో స్పష్టం చేసింది.

ఇతర నగరాల అనుభవం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్ నగర కౌన్సిల్ 2025 ఆగస్టులో ప్రాజెక్ట్ బ్లూ అనే డేటా సెంటర్ ప్రతిపాదనను ఏకగ్రీవంగా తిరస్కరించింది. ఎడారి నగరంలో నీటి భయం, గోప్యతా ఒప్పందాలపై ఆగ్రహం అందుకు తోడయ్యాయి. మిషిగన్ రాజధాని లాన్సింగ్‌లో నగర నడిబొడ్డున నగరపాలక సంస్థకు చెందిన పార్కింగ్ స్థలాల్లో 24 మెగావాట్ల కేంద్రం కడతామని డీప్ గ్రీన్ అనే బ్రిటిష్ సంస్థ ప్రతిపాదించింది. సర్వర్ల వేడిని నగర వేడినీటి వ్యవస్థకు మళ్లిస్తామన్నది దాని ఆకర్షణ. అయినా నడిబొడ్డు స్థలాన్ని ఇళ్లకు, దుకాణాలకు కాక సర్వర్లకు ఇవ్వవచ్చా అన్న చర్చ అక్కడ తీవ్రంగా సాగింది. విశాఖ వాతావరణంలో ఇళ్లకు వెచ్చదనం అక్కర లేదు కనుక ఆ ప్రయోజనం ఇక్కడ యథాతథంగా వర్తించదు.

ఆరెగాన్‌లోని ద డాలెస్ పట్టణం గూగుల్ నీటి వినియోగ వివరాలు బయటపెట్టకుండా ఒక పత్రికపై కోర్టుకెక్కింది. చివరకు 2022లో వివరాలు వెల్లడించింది. పట్టణ నీటిలో నాలుగో వంతుకు పైగా ఆ కేంద్రాలే వాడుతున్నాయని అప్పుడు తేలింది. ఐర్లండ్‌లో 2023 నాటికి మీటర్ విద్యుత్తులో 21 శాతం డేటా సెంటర్లదే. అది పట్టణ గృహాల వాటాను మించిపోయింది. సింగపూర్ 2019లో కొత్త కేంద్రాలను నిలిపివేసి, 2022లో కఠినమైన సామర్థ్య షరతులతో మళ్లీ అనుమతించింది.

హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలు చందన్‌వెల్లి, మేకగూడ, మీర్‌ఖాన్‌పేట వంటి రంగారెడ్డి జిల్లా ప్రాంతాలకు వెళ్లాయి. గిగావాట్ స్థాయి కేంద్రం నగరం మధ్యలోనే ఉండాలన్న సాంకేతిక అవసరం లేదని ఇది సూచిస్తుంది. వినియోగదారుకు దగ్గరగా ఉండవలసినవి చిన్న కేంద్రాలు. సముద్రగర్భ కేబుల్ తీరం చేరే కేంద్రానికి మాత్రం తీరం తప్పదు.

నిర్ణయానికి ముందు తేలవలసినవి

ఏ నగరంలోనైనా ఇలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు కొన్ని వివరాలు లిఖితపూర్వకంగా ఉండాలి. భూమి అమ్ముతున్నారా, లీజుకిస్తున్నారా, చెప్పిన గడువులో నిర్మించకపోతే తిరిగి వస్తుందా? గరిష్ఠ విద్యుత్ డిమాండ్ ఎంత, ఏ వనరు నుంచి? రోజువారీ నీటి పరిమితి ఎంత, కరవు ఏడాదిలో కోత మొదట ఎవరికి? శాశ్వత ఉద్యోగాలెన్ని, స్థానికులకు శిక్షణ ఎక్కడ? ఇచ్చే రాయితీ మొత్తం ఎంత, హామీ తప్పితే ఎలా వసూలు చేస్తారు? విద్యుత్తు, నీటి వినియోగాన్ని ఏటా బహిరంగపరుస్తారా?

డేటా సెంటర్ వద్దనడమో, కళ్లు మూసుకుని రమ్మనడమో మాత్రమే దారులు కావు. మన ఫోన్లలోని సమాచారం ఎక్కడో ఒకచోట నిల్వ ఉండక తప్పదు. అది మన ఊరిలోనే ఉంటే ప్రయోజనాలు కూడా ఉన్నాయి. అయితే ప్రభుత్వ భూమికి యజమానులు ప్రజలే. యంత్రాలు కొన్నేళ్లకే పాతబడి మారిపోతాయి గానీ, ఒకసారి చేయి దాటిన నగర భూమి తిరిగి రావడం అరుదు. అందుకే పై ప్రశ్నలకు జవాబులు శంకుస్థాపనకు ముందే, కౌన్సిల్ మందిరంలోనూ వార్డు సభల్లోనూ, ప్రజలకు అర్థమయ్యే భాషలో వినిపించాలి.